ఈ-సిగరెట్ మీద ప్రాజెక్టా? ద్రవం కాదు, ఆవిరి పట్టించండి

బెంగళూరులో బయోటెక్నాలజీ పీజీ చేస్తున్న మన తెలుగు విద్యార్థులకు ముందుగా ఒక మాట. సీసాలోని ఈ-సిగరెట్ ద్రవాన్ని పిపెట్‌తో తీసి ఏ549 కణాల (ల్యాబులో పెంచే ఊపిరితిత్తుల కేన్సర్ కణాలు) మీద వేసి, ఎమ్‌టీటీ పరీక్ష (కణాల జీవక్రియను రంగు మార్పుతో కొలిచేది) చేసి, ఇంత శాతం చచ్చాయని గ్రాఫు గీస్తే అది ఊపిరితిత్తుల గురించి దాదాపు ఏమీ చెప్పదు.

ఆ ద్రవంలో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. లీటరు మీడియాలో (కణాలను పెంచే పోషక ద్రవం) వీటిలో ఏది 10 మి.లీ. కలిపినా ఆస్మోలాలిటీ, అంటే కరిగిన పదార్థాల గాఢత, సుమారు 135 మిల్లీఆస్మోల్ పెరుగుతుంది. మీడియా మామూలుగా 290 దగ్గర ఉంటుంది. మూడు శాతం కలిపితే 700 దాకా పోతుంది. కణాల్లోంచి నీరు బయటికొచ్చి అవి ముడుచుకుంటాయి. వాటిని దెబ్బతీసింది విషమా, గాఢతా అన్నది తేలదు. అందుకే అంతే ఆస్మోలాలిటీకి మానిటాల్ (ఒక చక్కెర ఆల్కహాల్) కలిపిన కంట్రోల్, అంటే పోలిక నమూనా, తప్పనిసరి. నికోటిన్ క్షారం కాబట్టి పీహెచ్ కూడా చూడాలి. మీడియా ముదురు గులాబీ రంగుకు తిరిగిందంటే ఆ ప్లేటును లెక్కలోకి తీసుకోవద్దు.

అసలు సంగతి ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేసే తీగచుట్ట, అంటే కాయిల్ దగ్గర ఉంది. వేడికి గ్లిజరిన్‌లోంచి నీరు విడిపోయి అక్రోలిన్ పుడుతుంది. ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్ కూడా వస్తాయి. ఇవన్నీ ఆల్డిహైడ్‌లు, కణాలకు హాని చేసేవి. కాయిల్ నుంచి నికెల్, క్రోమియం ఆవిరిలోకి చేరతాయి. 2018లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు మనుషుల ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్ కణాల (క్రిములను మింగే రక్షక కణాలు) మీద రెండింటినీ పోల్చి చూశారు. వేడి తగలని ద్రవం కంటే ఆవిరిని చల్లార్చి పట్టిన ద్రవమే ఎక్కువ హాని చేసింది. నికోటిన్ లేనిది కూడా కొంత చేసింది.

ఏ549 మీద నాకు నమ్మకం తక్కువ. అది కేన్సర్ కణం, దానికి సీలియా (శ్లేష్మాన్ని బయటికి నెట్టే సన్నని వెంట్రుకల్లాంటివి) లేవు. పైగా దాని కీప్1 జన్యువులో మ్యుటేషన్ ఉంది, అందువల్ల కణాన్ని రసాయన హాని నుంచి కాపాడే ఎన్ఆర్ఎఫ్2 రక్షణ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. ఆల్డిహైడ్‌లను విరిచే ఎంజైములూ అందులో ఎక్కువే. మామూలు కణానికి తగిలే దెబ్బ దానిలో తక్కువగా కనిపిస్తుంది. వీలైతే శ్వాసనాళపు ప్రైమరీ కణాలను (మనిషి నుంచి నేరుగా తీసినవి) 0.4 మైక్రాన్ రంధ్రాల ఇన్సర్ట్ (జల్లెడలాంటి అడుగున్న చిన్న గిన్నె) మీద పెంచండి. పొర నిండాక పై మీడియా తీసేసి, కింద నుంచే ఆహారం ఇవ్వాలి. సీలియా, శ్లేష్మం రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ప్రాజెక్టు గడువు ఆరు నెలలైతే దీన్ని మొదటి నెలలోనే మొదలుపెట్టాలి.

పఫ్‌కి వాడుకలో ఉన్న కొలత 55 మి.లీ., 3 సెకన్లు, 30 సెకన్లకు ఒకటి. అంటే నిమిషానికి 1,100 మి.లీ. వేగం. మామూలు సిరంజి పంపుకు ఇది అందదు, వాక్యూమ్ పంపు, కరెంటుతో తెరుచుకుని మూసుకునే సోలెనాయిడ్ వాల్వ్ కావాలి. గొట్టం ఎంత పొడుగైతే అంత ఆవిరి గోడలకే అంటుకుపోతుంది. దూది వత్తి ఎండితే కాయిల్ వేడి ఒక్కసారిగా ఎగబాకి ఆల్డిహైడ్‌లు విపరీతంగా పెరుగుతాయి. మనిషైతే మాడు రుచికి ఆపేస్తాడు, పంపు ఆపదు. ప్రతి పది పఫ్‌లకు ట్యాంకు బరువు తూయండి. బరువు తగ్గుదల హఠాత్తుగా పడిపోతే వత్తి ఎండినట్టే, ఆ విడతను పారేయండి.

కంట్రోల్‌గా ఇంక్యుబేటర్‌లో వదిలేసిన ప్లేటు ఒక్కటే చాలదు. అదే వేగంతో తేమగాలి పట్టించిన ప్లేటు కూడా ఉండాలి, ఎందుకంటే గాలి ప్రవాహానికే కణాలు ఎండిపోగలవు. ఎమ్‌టీటీ విలువ తగ్గితే జీవక్రియ తగ్గిందని రాయండి, చావు అనకండి. చావుకు ఎల్‌డీహెచ్ (దెబ్బతిన్న కణాల నుంచి కారే ఎంజైము), పొర బిగువుకు టీర్ (పొర విద్యుత్ నిరోధం), వాపుకు ఐఎల్-8 (వాపు సంకేత ప్రోటీన్) చూడాలి. దాల్చిన చెక్క ఫ్లేవరైతే సీలియా కదలిక కూడా కొలవండి. అందులోని సిన్నమాల్డిహైడ్ దాన్ని మందగింపజేస్తుంది.

ఉపోద్ఘాతంలో అమెరికాలో 2019లో ఈ-సిగరెట్ తాగేవాళ్లకు వచ్చిన ఊపిరితిత్తుల జబ్బును, అందులోని 2,807 మంది రోగులను, 68 మరణాలను ప్రస్తావించేటప్పుడు జాగ్రత్త. దానికి ప్రధానంగా ముడిపడింది టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తు పదార్థం) కార్ట్రిడ్జ్‌లలోని విటమిన్-ఈ అసిటేట్.

ఇంకొకటి. 2019 చట్టం ప్రకారం మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ నిషేధం. పరికరం తెప్పించే ముందే గైడ్‌తో, సంస్థ న్యాయ విభాగంతో మాట్లాడండి.

చివరికి మోతాదును పఫ్‌ల సంఖ్యలో కాకుండా, కణాల మీద పడినదాన్ని బట్టి రాయండి. కణాలు లేని ఇన్సర్ట్‌లో పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం) పోసి, అదే ఆవిరి పట్టించి, అందులోకి చేరిన నికోటిన్‌ను హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) 260 నానోమీటర్ల దగ్గర కొలిస్తే ఆ లెక్క దొరుకుతుంది.