మొగిలి ఘాట్‌లో ఏఎంటీ లారీ: పెడల్ లేదు గానీ క్లచ్ ఉంది

గేరు రాడ్ పట్టుకుని పెద్దవాడైన డ్రైవర్ చేతికి ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్, అంటే క్లచ్‌నూ గేర్లనూ బండే నడుపుకునే పద్ధతి) బండి ఇస్తే రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఒకటి, ఇక అంతా బండే చూసుకుంటుందని వదిలేయడం. రెండోది, దాన్ని నమ్మకుండా ప్రతి గేరుకూ అడ్డం పడడం. బండి లోపల ఏం జరుగుతోందో తెలిస్తే రెండూ తగ్గుతాయి.

ఏఎంటీ అంటే చాలా ఆటోమేటిక్ కార్లలో ఉండే, క్లచ్ ప్లేటుకు బదులు ఆయిల్ ద్వారా లాగుడు అందించే టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్ కాదు. లోపల ఉన్నది పళ్ల గేర్లే, మామూలు పొడి క్లచ్ ప్లేటే. మీ ఎడమ కాలు చేసే పనిని గాలితో నడిచే యాక్చుయేటర్ (కంప్యూటర్ చెప్పినట్టు భాగాన్ని కదిపే పరికరం) చేస్తుంది. గేరు వేసే పని ఇంకో యాక్చుయేటర్‌ది. ఎప్పుడు వేయాలో కంప్యూటర్ చెబుతుంది. 2001లో వచ్చిన వోల్వో ఐ-షిఫ్ట్ కూడా ఈ పద్ధతిదే, ముందుకు 12 గేర్లు. కాబట్టి ప్లేటు అరుగుతుంది, కాలుతుంది. పెడల్ లేదు కాబట్టి అది జారుతున్న సంగతి కాలికి తెలియదు, అంతే తేడా.

పొద్దున బండి తీసేటప్పుడు తొందర వద్దు. తాళం తిప్పి, డిస్‌ప్లేలో హెచ్చరిక గుర్తులు పోయి ఎన్ (న్యూట్రల్) కనబడేదాకా ఆగండి. స్టార్ట్ చేశాక గాలి ఒత్తిడి సుమారు 8 బార్‌కు రానివ్వండి. గాలి చాలకపోతే క్లచ్ పూర్తిగా విడదు, గేరు పడదు. బాక్స్ పాడైందనుకుని మెకానిక్‌ను పిలిచే ముందు గేజ్ వైపు ఒకసారి చూడాలి. తర్వాత ఫుట్ బ్రేక్ నొక్కి, డి (డ్రైవ్, గేర్లు బండే మార్చుకునే స్థానం) వేసి, గేరు నంబర్ వచ్చాక హ్యాండ్ బ్రేక్ వదలండి. ఏ గేరుతో కదలాలో లోడును, వాలును బట్టి బండే ఎంచుకుంటుంది. ఖాళీ బండి మూడో గేరుతో కదిలినా కంగారు పడనక్కర్లేదు.

అసలు పరీక్ష ఎక్కుడులో. చిత్తూరు కంటే పలమనేరు 300 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, ఆ ఎత్తులో చాలా భాగం బంగారుపాళ్యం దాటాక మొగిలి ఘాట్‌లోనే ఎక్కాలి. మామూలు ఏఎంటీకి ముందున్న మలుపు కనబడదు. చక్రాల మీద ఇప్పుడు పడుతున్న బరువే దానికి తెలుసు. ఆర్‌పీఎం పడిపోయాక గేరు దించుతుంది, ఆ మార్పులో అరక్షణం లాగుడు ఆగుతుంది, నిండు లోడు బండి వేగం ఇంకా పడుతుంది, వెంటనే మళ్లీ దించాల్సి వస్తుంది. అందుకే ఎక్కుడు మొదలయ్యే ముందే ఎం (మాన్యువల్, గేరు మీరే ఎంచుకునే స్థానం) లోకి మార్చి, ఒకటి రెండు గేర్లు మీరే దించి పట్టి ఉంచండి. ముల్లు పచ్చ గీతలో, చాలా ఇంజిన్లకు 1,200 నుంచి 1,500 మధ్య, నిలబడితే ఆ గేరు సరైనదే. గేరు మారుతున్నప్పుడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయకండి. డి లో ఉండగా పాత అలవాటుతో కాలు లేపితే, డ్రైవర్‌కు వేగం అక్కర్లేదని కంప్యూటర్ అనుకుని పై గేరు వేస్తుంది. బండి గేర్ల మధ్య ఊగిసలాడడానికి సగం కారణం ఇదే.

ఘాట్‌లో ముందు బండి ఆగి క్యూ కట్టిందనుకోండి. అప్పుడు కొందరు యాక్సిలరేటర్ కొంచెం నొక్కి బండిని వాలు మీద నిలబెడతారు. ఏఎంటీని చంపడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. సగం పట్టిన ప్లేటు తిరుగుతూ రాసుకుంటుంది. కాసేపటికే మాడిన వాసన క్యాబిన్‌లోకి వస్తుంది, డిస్‌ప్లేలో క్లచ్ వేడి హెచ్చరిక వెలుగుతుంది. ఇలా పాడైన క్లచ్ విప్పి చూస్తే ప్రెషర్ ప్లేటు మీద నీలం మచ్చలు, సన్నని పగుళ్లు, లైనింగ్ అద్దంలా నునుపు. బ్రేకుతోనే ఆపండి. కదిలేటప్పుడు హిల్ హోల్డ్ (వాలు మీద బండి వెనక్కి జారకుండా బ్రేకు పట్టే ఏర్పాటు) రెండు మూడు సెకన్లు పట్టి ఉంచుతుంది, ఆలోగా యాక్సిలరేటర్ గట్టిగా ఇచ్చి కదలండి. అది లేని బండిలో హ్యాండ్ బ్రేక్ మీద నిలిపి, లాగుడు అందాక వదలండి. హెచ్చరిక వస్తే చోటు చూసి ఆపి, ఎన్ లో ఇంజిన్ ఆడనిచ్చి చల్లారనివ్వండి.

దిగుడు విషయంలో నాది ఒకటే మాట: న్యూట్రల్ వద్దు. మదనపల్లె నుంచి టమోటా లోడుతో భాకరాపేట ఘాట్ దిగి తిరుపతికి వచ్చేటప్పుడు డీజిల్ మిగులుతుందని కొందరు ఎన్ లో వదిలేస్తారు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్టర్లు డీజిల్ ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆడడానికి డీజిల్ కావాలి. అంటే మిగిలేదేమీ లేదు. పైగా ఇంజిన్ బ్రేక్ పోతుంది, వేగం పెరిగాక కింది గేరు అడిగితే ఇంజిన్‌కు ప్రమాదమని బాక్స్ ఒప్పుకోదు. ఇక మిగిలేది చక్రాల బ్రేకు డ్రమ్ములే. తయారీదారు పెట్టిన ఎకో రోల్ (డీజిల్ ఆదాకు బండి తనంతట తాను న్యూట్రల్‌కు వెళ్లే పద్ధతి) వేరు, అది కంప్యూటర్ చేతిలో ఉంటుంది, బ్రేకు ముట్టుకుంటే మళ్లీ గేరు పడుతుంది.

దిగుడు మొదలయ్యే ముందే వేగం తగ్గించి, ఎం లో గేరు పట్టి, ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజిన్ పొగ దారి మూసి బండిని నెమ్మది చేసే బ్రేకు) వేయండి. అది తక్కువ ఆర్‌పీఎంలో బలహీనం, 1,800 దాటితే బాగా పనిచేస్తుంది. కానీ ముల్లు ఎర్ర గీతకు చేరనివ్వకూడదు. కొన్ని బండ్లలో ఇంజిన్‌ను కాపాడడానికి బాక్స్ తనంతట తానే పై గేరు వేస్తుంది, అప్పుడు బండి ఒక్కసారిగా పరుగందుకుంటుంది. ఫుట్ బ్రేక్ గట్టిగా ఒకసారి వేసి గంటకు 8 నుంచి 10 కిలోమీటర్లు తగ్గించి వదిలేయండి. కాలు ఆనించి ఉంచితే డ్రమ్ములు వేడెక్కి పట్టు పోతుంది. వానలో ఖాళీ బండికి ఎగ్జాస్ట్ బ్రేక్ కూడా జాగ్రత్తగానే, వెనక చక్రాలు జారతాయి.

రేణిగుంట రోడ్డు ట్రాఫిక్‌లో ముందు బండిని అంటుకుని అంగుళం అంగుళం జరపకండి. కొంత ఖాళీ రానిచ్చి, క్లచ్ పూర్తిగా పట్టేంత దూరం కదలండి. నిమిషం పైన ఆగాల్సి వస్తే ఎన్.

ఈ బాక్సుల్లో చాలావాటికి పార్కింగ్ గేరు ఉండదు, తాళం తీస్తే చాలా బండ్లు న్యూట్రల్‌కు వెళ్తాయి. హ్యాండ్ బ్రేక్ వేసి, వాలైతే చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టాలి.

ఫిర్యాదుల్లో చాలావరకు గేర్‌బాక్స్ లోపల ఉండవు. గాలిలోని తేమను పట్టే ఎయిర్ డ్రయ్యర్ కార్ట్రిడ్జ్ సమయానికి మార్చకపోతే తేమ యాక్చుయేటర్లలోకి పోతుంది. గాలి ట్యాంకు డ్రెయిన్ చేసినప్పుడు నీళ్లు వస్తే ఇక వాయిదా వేయకండి. వాటర్ సర్వీసులో ప్రెషర్ నీళ్లు గేర్‌బాక్స్ కనెక్టర్ల మీద కొట్టకూడదు. క్లచ్ ప్లేటు మార్చాక స్కానర్‌తో కొత్త ప్లేటును బాక్స్‌కు నేర్పించాలి, లేకపోతే బండి జర్కుతో కదులుతుంది. బ్యాటరీ దిగితే తోసి స్టార్ట్ చేసే దారి లేదు, 24 వోల్టుల బండి నుంచే జంప్ ఇవ్వాలి. లాక్కెళ్లాల్సి వస్తే గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాకే. ఇంజిన్ ఆగి ఉంటే బాక్స్‌లో ఆయిల్ తిరగదు, చక్రాలతో పాటు తిరిగే లోపలి షాఫ్టులు ఆయిల్ అందక కాలిపోతాయి.