చచ్చిన టెస్టర్‌తో పోయిన పరీక్ష: నా వైర్‌మన్ హెల్పర్ అనుభవం

రిజల్ట్ లిస్టులో నా నంబర్ కనబడినప్పుడు నేను తండయార్‌పేటలో ఒక మేడమీద పైపులోకి వైరు లాగే స్ప్రింగ్ తోస్తున్నాను. సగంలో వదిలేసి మేస్త్రికి ఫోన్ చూపించాను. ఆయన కళ్ళు చికిలించి చూసి, "సరేరా, ముందు స్ప్రింగ్ లాగు" అన్నాడు. ఐదేళ్ళుగా ఆయన దగ్గరే చేస్తున్నాను, ఆయన మెచ్చుకోవడం అంటే అంతే.

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో వైరింగ్ పని చేసే మనవాళ్ళు చాలామంది ఈ వైర్‌మన్ హెల్పర్ పరీక్షకి చదువుతున్నారు. ఫారం, ఫీజు, సిలబస్ గురించి నేను రాయను, అవన్నీ మీకు తెలిసినవే. నేను మొదటిసారి ఎందుకు ఫెయిలయ్యానో మాత్రం కాస్త వివరంగా చెప్తాను. మిగతాదంతా నాలుగు ముక్కల్లో తేల్చేస్తాను.

మొదటిసారి ప్రాక్టికల్‌లో నా బోర్డు అందరికంటే ముందు అయిపోయింది. టూవే స్విచ్చులతో (కిందా పైనా ఎక్కడైనా వేసి ఆపగలిగేవి) మెట్ల లైటు, పక్కన ఒక సాకెట్. ఫేజు, అంటే కరెంటు వచ్చే వైరు, స్విచ్‌లోకే ఇచ్చాను, సాకెట్‌కి ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్, పైన పెద్ద రంధ్రం ఎర్తు. స్విచ్ వేస్తే లైటు వెలిగింది, ఆపితే ఆరింది. నా పక్కన ఉన్న కుర్రాడు ఇంకా వైరు తొక్కే తీస్తున్నాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. నిజం చెప్పాలంటే కొంచెం పొగరుగానే నిలబడ్డాను.

ఎగ్జామినర్ వచ్చి మెయిన్ ఆపేశాడు. "తంబీ, ఈ బోర్డులో ఇప్పుడు కరెంటు లేదని నాకు చూపించు. నువ్వు లేదంటే నేను చెయ్యి పెడతాను" అన్నాడు తమిళంలో. నేను జేబులోంచి టెస్టర్ తీసి ఫేజు స్క్రూ మీద పెట్టాను. వెలగలేదు. "లేదు సార్, పెట్టండి" అన్నాను. ఆయన చెయ్యి పెట్టలేదు. నా టెస్టర్ తీసుకుని, వెనక గోడకి ఉన్న సాకెట్ దగ్గరికి వెళ్ళి పెట్టాడు. అక్కడ ఫ్యాన్ తిరుగుతోంది, అంటే కరెంటు ఉంది. టెస్టర్ మాత్రం వెలగలేదు. వేలితో టోపీ గట్టిగా నొక్కాడు. అప్పుడూ లేదు.

టెస్టర్ తిరిగి నా చేతిలో పెట్టి, "ఎప్పటినుంచి చచ్చిపోయిందిది?" అన్నాడు.

నాకు తెలీదు. దాన్ని స్క్రూడ్రైవర్‌లా తిప్పాను, ఉలిలా సుత్తితో కొట్టాను, మేడమీంచి కింద పడేశాను. లోపల ఉండేది చిన్న గాజు నియాన్ దీపం, దానికి వరసలో పది లక్షల ఓమ్‌ల దాకా ఉండే ఒక రెసిస్టర్, అంతే. ఆ దీపం పగిలిందో రెసిస్టర్ తెగిందో కానీ, బయటికి మాత్రం బంగారంలా ఉంది. మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి సూళ్ళూరుపేట లోకల్ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గుర్తొచ్చింది: ముందురోజు రాత్రి ఒక ఇంట్లో ఇదే టెస్టర్‌తో ఫ్యాన్ వైర్లు చూసి, వెలగలేదని చెయ్యి పెట్టాను. ఆ రాత్రి అది బతికే ఉందా? గుమ్మిడిపూండి దాటేదాకా ఇదే ఆలోచన. ఊరికి వెళ్ళాక అమ్మకి మాత్రం పేపర్ కష్టంగా వచ్చిందని చెప్పాను.

ఎందుకు ఫెయిల్ చేశారో ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వరు. నాకు తెలుసు. "నిజంగా కరెంటు లేదు కదా, నేను చెప్పింది కరెక్టే కదా" అని చాలా రోజులు మేస్త్రితో వాదించాను. ఆయన, "గుడ్డివాడు కూడా రోడ్డు మీద బండి లేదనే అంటాడు, ఒక్కోసారి నిజంగానే ఉండదు" అన్నాడు. అయినా మొత్తం వైరింగ్ కరెక్టుగా చేసినవాణ్ణి ఒక్క ముక్కకి ఆపేయడం ఎక్కువే అని ఇప్పటికీ నా మనసులో ఒక మూల ఉంది. ఉన్నమాటే రాస్తున్నాను.

రెండోసారికి గోవిందప్ప నాయకన్ వీధిలో వైరు, స్విచ్చులు, ఒక ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి లీకైతే పడిపోయే స్విచ్), రిచీ స్ట్రీట్‌లో ఒక మల్టీమీటర్ కొన్నాను. ప్లైవుడ్ ముక్క మీద ఇంటి బోర్డు మొత్తం కట్టాను. రాత్రి ప్లగ్ పీకేసిన తర్వాత మా ఆవిడ వెనకవైపు వైర్లు ఇష్టమొచ్చినట్టు మార్చేసేది. తెల్లారి డ్యూటీకి వెళ్ళే ముందు నేను తప్పు పట్టాలి. మొదట్లో నలభై నిమిషాలు పట్టేది. ఒకరోజు ఆమె వైర్లేమీ మార్చలేదు, నా కొత్త టెస్టర్ తీసేసి పాత చచ్చినదాన్ని పెట్టెలో పెట్టింది. నేను అలవాటుగా ముందు వంటగదిలో మిక్సీ సాకెట్‌లో పెట్టి చూశాను. వెలగలేదు. బోర్డు జోలికే పోలేదు. "ఏమండీ, ఈసారి పాసవుతారులెండి" అని లోపల్నుంచి నవ్వింది. నా ప్రిపరేషన్ ఆరోజే అయిపోయిందని నా లెక్క.

పద్ధతి ఇదీ. మనం ఆపబోయే మెయిన్ కింద లేని, కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన సాకెట్‌లో టెస్టర్ పని చేస్తోందా చూడాలి. తర్వాత మెయిన్ ఆపి, ఎంసీబీ (ఆ లైనుకి ఉండే ఆటోమేటిక్ స్విచ్) దించి, ఎవరూ పైకి ఎత్తకుండా దానికి టేప్ వేసి, పని చేసే చోట చూడాలి. మళ్ళీ వెనక్కి వెళ్ళి అదే సాకెట్‌లో చూడాలి, మధ్యలో దీపం పోలేదని తేలాలి. చివరి అడుగు అందరూ వదిలేస్తారు. ఒక్క టెస్టర్‌ని నమ్మకండి కూడా. కర్ర స్టూలు మీదో రబ్బర్ మ్యాట్ మీదో నిలబడితే మన ఒంట్లోంచి నేలకి దారి సరిగా ఉండదు, కరెంటు ఉన్నా దీపం మసకగా వెలుగుతుంది. మధ్యాహ్నం ఎండలో ఆ మసక కంటికి ఆనదు.

మల్టీమీటర్‌తో అయితే మూడు చోట్లా చూడండి: ఫేజుకీ న్యూట్రల్‌కీ, ఫేజుకీ ఎర్తుకీ, న్యూట్రల్‌కీ ఎర్తుకీ. కరెంటు ఉన్నప్పుడు మొదటి రెండూ 230 వోల్టుల దగ్గర, మూడోది సున్నా దగ్గర ఉండాలి, ఆపాక మూడూ సున్నా దగ్గరే ఉండాలి. ఒక్క ఫేజు-న్యూట్రల్ చూసి సున్నా వచ్చిందని సంబరపడితే, ఎక్కడో న్యూట్రల్ తెగి ఫేజు మాత్రం బుసలు కొడుతూ ఉండొచ్చు. మనం "రిటర్న్ వస్తోంది" అంటాం చూడండి, రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలగడం, అది ఇదే. న్యూట్రల్ తెగింది, ఆన్‌లో ఉన్న లైటులోంచో ఫ్యాన్‌లోంచో ఫేజు తిరిగి వస్తోంది. దాన్ని రెండు ఫేజులు అనుకుని ఒక పెద్దమనిషి నా ముందే ఇల్లంతా తవ్వించాడు.

ఇంకోటి. వాడకుండా వదిలేసిన వైరు మీద మీటర్ 60, 80 వోల్టులు చూపిస్తే కంగారు పడకండి. పక్కన కరెంటు ఉన్న వైరుతో కలిసి అదే పైపులో వెళ్ళడం వల్ల వచ్చే దొంగ వోల్టేజి అది. ఒక బల్బు లోడు తగిలిస్తే పడిపోతుంది. కానీ దొంగదని నిర్ణయించాల్సింది పరీక్ష చేశాక, ముందు కాదు. టెస్ట్ ల్యాంప్‌ని (హోల్డర్‌కి రెండు వైర్లు కట్టిన బల్బు) ఫేజుకీ ఎర్తుకీ మధ్య పెడితే ఆర్‌సీసీబీ టపీమని పడిపోతుంది. అది 30 మిల్లీ యాంపియర్లకే పడేది, 60 వాట్ల బల్బు అంతకి ఎన్నో రెట్లు లాగుతుంది. మా ఇంట్లో రోజుకి నాలుగుసార్లు పడేది, ఫ్రిజ్ ఆగిందని కింద ఓనరమ్మ తిట్లు వేరే.

రంగుల దగ్గర మనవాళ్ళు ఎక్కువగా జారిపోతారు. గోడలోపలి వైరింగ్‌లో ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. కానీ మిక్సీకో ఇస్త్రీపెట్టెకో వచ్చే వైరులో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు చారలది ఎర్తు. అంటే నీలం ఒకచోట ఫేజు, ఒకచోట న్యూట్రల్. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఇది అడిగితే పుస్తకం బట్టీపట్టినవాళ్ళు నీళ్ళు నములుతారు. పైగా పాత ఇళ్ళలో ఏ రంగు దొరికితే అదే లాగేసి ఉంటారు. రంగు చూసి అనుకోవచ్చు, మీటర్ చూసే చెప్పాలి.

పైపులోంచి అన్నీ ఎర్ర వైర్లే వస్తే? నాకు రెండోసారి పరీక్షలో వచ్చింది ఇదే. మెయిన్ ఆపి, లేదని నిరూపించుకుని, అవతలి చివర ఒక వైరుని ఎర్తు వైరుకి కలిపాను. ఇవతల ఒక్కొక్కదానికీ ఎర్తుకీ మధ్య మీటర్‌తో కంటిన్యూటీ (దారి కలిసి ఉంటే బీప్ కొట్టేది) చూశాను. బీప్ వచ్చినదానికి అంకె వేసిన టేప్ చుట్టాను, తర్వాతది. కరెంటు ఉండగా కంటిన్యూటీలో పెడితే మీటరూ పోతుంది, మీరూ పోవచ్చు.

మెగ్గర్, అంటే వైరు ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటర్, దాని మీద ప్రశ్నలు సులువే. ఇంటికి 500 వోల్టులది. 50 మెగా ఓమ్‌లని సర్క్యూట్‌లో ఉన్న పాయింట్ల (లైటు, ఫ్యాన్, సాకెట్) సంఖ్యతో భాగించాలి, ఇన్‌స్టలేషన్ మొత్తానికి మాత్రం ఒక మెగా ఓమ్ కంటే ఎక్కువ అడగరు. పది పాయింట్లున్న ఒక సర్క్యూట్‌కి లెక్క 5. టీవీ, ఎల్‌ఈడీ లైట్లు తీసేశాకే మెగ్గర్ తిప్పాలని కూడా చెప్పండి, అది చెప్పాక నన్ను ఇంకేమీ అడగలేదు.

ఇక చదువు విషయం. రోజూ గంటన్నర చాలు, కానీ రోజూ. డ్యూటీ అయ్యి ఒళ్ళు హూనమైందని నేనూ పడుకున్నాను మొదటిసారి. రీల్స్ చూడటానికి లేని నొప్పులు బోర్డు తీసేసరికి ఎందుకొస్తాయి? క్రమశిక్షణ అనేది... మా ఆవిడ ఇది చదివితే నవ్వి చచ్చిపోతుంది, ఆపేస్తాను.

రెండోసారి ఎగ్జామినర్ వేరే ఆయన. అదే మాట అడిగాడు, లేదని చూపించమని. నేను బోర్డు వైపు చూడకుండా తిన్నగా గోడ సాకెట్ దగ్గరికి వెళ్ళాను. వెలిగింది. వచ్చి బోర్డులో మూడు చోట్లా చూశాను. మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఏమీ అనలేదు. కాగితం మీద ఏదో గీసి, "నెక్స్ట్" అన్నాడు.

రిజల్ట్ వచ్చిన రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. సంతోషపడింది, కొంచెంసేపు ఏడ్చింది. తర్వాత, "అది సరే గానీ నాయనా, బాత్‌రూమ్‌లో ఎల్‌ఈడీ లైటు ఆపినా సన్నగా వెలుగుతూనే ఉందిరా, బల్బు మార్చినా అంతే" అంది. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆ వైరింగ్ నేనే చేశాను. స్విచ్ న్యూట్రల్‌లో ఇచ్చి ఉంటాను. అంటే స్విచ్ ఆపినా ఇన్నేళ్ళూ ఆ హోల్డర్ దాకా ఫేజు ఉన్నట్టే. ఆదివారం వచ్చేదాకా ఆ బల్బు ముట్టుకోవద్దని చెప్పి, పొద్దున్నే లోకల్‌కి వెళ్ళాలని పెట్టె సర్దుకున్నాను.