ముందు సమయం చూడండి, తర్వాత ఛానెల్ పేరు

సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌కు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

రోగనిరోధక కణాల అయాన్ ఛానెళ్లపై (కణ పొరలో అయాన్లు రాకపోకలు సాగించే దారులపై) గ్రోత్ ఫ్యాక్టర్ల (కణాలను పెరగమని, విభజన చెందమని చెప్పే ప్రోటీన్ల) ప్రభావం. ఈ చిన్న అంశం మొదటిసారి నన్ను గట్టిగా దెబ్బతీసింది. ఏ ఫ్యాక్టర్ ఏ ఛానెల్‌ను పెంచుతుందో పట్టిక రాసుకుని బట్టీపట్టాను. పరీక్షలోని పార్ట్ సీలో మాత్రం ప్రయోగం ఇచ్చి ఫలితం అడుగుతారు. తప్పితే ఒక మార్కు పోతుంది.

రెండోసారి శ్రీకాకుళంలో నా అద్దె గదిలో పాత క్యాలెండర్ వెనక ఒకే ఒక్క టీ కణం (ఒక రకం తెల్ల రక్తకణం) బొమ్మ గీసి గోడకు అంటించాను. ఆదివారం ఊరెళితే నాన్న వరిమడికి నీళ్లు కడుతున్నారు. మడి నిండాక దిగువ గట్టుకు గండి కొట్టి, "కిందికి వదిలితేనే పైనుంచి పారుతుంది" అన్నారు. నెలల తరబడి లొంగని కేవీ1.3 అనే పొటాషియం ఛానెల్ ఆ గట్టు మీదే అర్థమైంది. ఒరాయ్1 ఛానెల్ గుండా వచ్చే ప్రతి కాల్షియం అయాన్ రెండు ధనావేశాలను లోపలికి తెస్తుంది. అవి పేరుకుంటే రాక మందగిస్తుంది. కేవీ1.3 గుండా పొటాషియం బయటికి పోతుంటేనే కణం లోపల రుణావేశం నిలుస్తుంది, కాల్షియం పారుతుంది. అందుకే పొటాషియం ఛానెల్‌ను మూస్తే కాల్షియం సంకేతం తగ్గుతుంది. ఒరాయ్1లో 91వ స్థానంలోని ఆర్జినిన్ ట్రిప్టోఫాన్‌గా మారితే చాలు, పసిపిల్లల్లో తీవ్రమైన రోగనిరోధక లోపం వస్తుందని 2006లో తేలింది. ఈ ఒక్క వాక్యం చదివాక ఆ ఛానెల్‌ను నేను మళ్లీ మరచిపోలేదు.

ఇక గ్రోత్ ఫ్యాక్టర్లు. ప్రశ్నలో నిమిషాలు ఇచ్చారా, గంటలు ఇచ్చారా? నిమిషాల్లో జరిగేది సాధారణంగా ఉన్న ఛానెళ్ల మీదే: కైనేజ్ ఎంజైమ్‌లు ఫాస్ఫేట్ తగిలించడం, లేదా ఫాస్ఫోలైపేజ్ సీ-గామా అనే ఎంజైమ్ వల్ల ఈఆర్ (కణం లోపలి కాల్షియం నిల్వ అయిన ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్)లోని కాల్షియం ఖాళీ అయి, దాన్ని పసిగట్టే ప్రోటీన్ స్టిమ్1 వెళ్లి ఒరాయ్1ను తెరవడం. గంటలు పట్టిందంటే కొత్త ఛానెళ్లు తయారవుతున్నాయని అనుమానించాలి. మాక్రోఫేజ్‌లకు (సూక్ష్మజీవులను మింగే రోగనిరోధక కణాలకు) వాటి గ్రోత్ ఫ్యాక్టర్ ఎం-సీఎస్ఎఫ్ ఇస్తే కేవీ1.3, మరో పొటాషియం ఛానెల్ కిర్2.1 రెండూ పెరుగుతాయి. బ్యాక్టీరియా బయటి పొరలోని ఎల్‌పీఎస్ అనే పదార్థం ఇస్తే కేవీ1.3 పెరుగుతుంది, కిర్2.1 తగ్గుతుంది. ఈ జంటను తప్పక పక్కపక్కన పెట్టి చదవండి. ప్రోటీన్ తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ ఇచ్చాక ప్రభావం పోయిందంటే అక్కడ కొత్త ప్రోటీన్ కావాలన్నమాట.

ప్యాచ్ క్లాంప్ (ఛానెళ్ల గుండా పారే కరెంటును కొలిచే పద్ధతి) గ్రాఫులో కరెంటు పెరిగినంత మాత్రాన ఛానెళ్లు పెరిగాయని రాసేయకండి. ఛానెళ్ల సంఖ్య, అవి తెరుచుకుని ఉండే అవకాశం, ఒక్కో ఛానెల్ మోసే కరెంటు: ఈ మూడింటి గుణకారమే మొత్తం కరెంటు. నా క్యాలెండర్ బొమ్మ కింద ఎర్ర సిరాతో రాసుకున్నది ఇదే. మూడింటిలో ఏది మారిందో తేల్చుకున్నాకే ఆప్షన్లు చదివేవాడిని.