ముందు లెక్క, తర్వాత మీటరు: పెద్దయ్యాక ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్న తీరు

పెద్ద వయసులో ఎలక్ట్రానిక్స్ మొదలుపెడితే చదివినంతసేపూ అన్నీ అర్థమైనట్టే ఉంటాయి. బోర్డు దగ్గర కూర్చుంటే ఎల్‌ఈడీ వెలగదు. వెలిగినా ఎందుకు వెలిగిందో చెప్పలేం. నన్ను ఈ దశ దాటించింది ఒకే ఒక్క అలవాటు. మీటరు ప్రోబ్ (కొలిచే మొన) ఆనించేముందు అక్కడ ఎన్ని వోల్టులు రావాలో కాగితం మీద రాసుకోవడం. నోటుబుక్కులో మూడు గళ్లు గీసుకున్నాను: లెక్క, కొలత, తేడా. తేడా అయిదారు శాతం లోపు ఉంటే చాలాసార్లు అది విడిభాగాల్లో సహజంగా ఉండేదే. అంతకు మించితే తీగ ఎక్కడో తప్పుగా గుచ్చానన్నా అనుకోవాలి, నాకు తెలియని సంగతేదో అక్కడ జరుగుతోందన్నా అనుకోవాలి.

కావలసిన సరుకు కొంచెమే. ఒక బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా భాగాలు గుచ్చి కలిపే బోర్డు, 400 రంధ్రాలది చాలు), వోల్టులు, ఆంపులు, ఓమ్‌లు కొలిచే డిజిటల్ మల్టీమీటరు, 9 వోల్టుల బ్యాటరీ, ఒంటి పోగు జంపర్ తీగలు, పది ఎర్ర ఎల్‌ఈడీలు. కరెంటును అడ్డుకునే పావు వాట్ రెసిస్టర్లు 470 ఓమ్‌లు, 1 కిలో (వెయ్యి ఓమ్‌లు), 10 కిలో, 68 కిలో, 1 మెగా (పది లక్షల ఓమ్‌లు) విలువల్లో పదేసి. విద్యుత్తును కాసేపు నింపి ఉంచుకునే కెపాసిటర్లు 10 నానో, 100 నానో, 10 మైక్రో, 1000 మైక్రో ఫారడ్‌లవి రెండేసి. 555 టైమర్ చిప్‌లు మూడు, చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే బీసీ547 ట్రాన్సిస్టర్లు అయిదు. వందల భాగాలుండే పెద్ద కిట్ మొదట్లో అక్కర్లేదు. ఏది దేనికో తెలియని భాగాలు డబ్బాలోనే ఉండిపోతాయి.

మొదట బ్రెడ్‌బోర్డునే కొలవాలి. మీటరును కంటిన్యుటీ (రెండు చోట్లు కలిసి ఉంటే మోగే సెట్టింగు) మీద పెట్టి, రెండు రంధ్రాల్లో చిన్న తీగ ముక్కలు గుచ్చి, ఏవి కలిసి ఉన్నాయో మోత విని తెలుసుకోవాలి. మధ్య గాడికి ఇటు అయిదు, అటు అయిదు రంధ్రాలు వరుసగా కలిసి ఉంటాయి. అంచుల వెంట ప్లస్, మైనస్ పట్టీలు నిలువునా సాగుతాయి. పెద్ద బోర్డుల్లో కొన్నింటికి ఆ పట్టీ సగంలో తెగి ఉంటుంది. పై సగంలో పనిచేసే సర్క్యూటు కింది సగంలో మూగబోవడానికి అదే కారణం. రెసిస్టర్ రెండు కాళ్లనూ ఒకే అయిదు రంధ్రాల వరుసలో గుచ్చడం ఇంకో మామూలు పొరపాటు. అప్పుడు రెసిస్టర్ ఉన్నా లేనట్టే.

ఇక మొదటి లెక్క. ఎర్ర ఎల్‌ఈడీ తన దగ్గర సుమారు 2 వోల్టులు ఉంచుకుంటుంది. 9 నుంచి 2 తీసేస్తే మిగిలే 7 వోల్టులు రెసిస్టర్ మీద పడాలి. 15 మిల్లీఆంపులు కావాలంటే 7ను 0.015తో భాగించాలి, 467 వస్తుంది. దొరికే విలువ 470. దాని మీది రంగు గీతలు పసుపు, ఊదా, గోధుమ, చివర బంగారం. బంగారం గీత అంటే అయిదు శాతం తేడా ఉండొచ్చని, అంటే 447 నుంచి 493 వరకు ఏదైనా సరైనదే. ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. కాళ్లు కత్తిరించేసి ఉంటే అంచు చదునుగా ఉన్న వైపు మైనస్.

ఇప్పుడు మూడు చోట్ల వోల్టేజీ కొలవాలి: బ్యాటరీ మీద, రెసిస్టర్ మీద, ఎల్‌ఈడీ మీద. చివరి రెండూ కలిపితే మొదటిది రావాలి. కొత్త బ్యాటరీ 9 కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి, ముందు దాన్ని కొలిచి ఆ అంకెతోనే లెక్క మళ్లీ వేసుకోవాలి. రెసిస్టర్ మీద 7.4 వస్తే దాన్ని 470తో భాగించండి, 15.7 మిల్లీఆంపులు. కరెంటు తెలిసిపోయింది, మీటరును ఆంపుల మీదికి తిప్పే పనే పడలేదు.

ఈ పద్ధతిని నేను గట్టిగా పట్టుకోవడానికి కారణం ఉంది. కరెంటు కొలవడానికి ఎర్ర ప్రోబ్‌ను ఆంపుల సాకెట్‌లోకి మార్చి, మళ్లీ వెనక్కి మార్చడం మరిచిపోతే, తర్వాత వోల్టేజీ కొలవబోయి బ్యాటరీని నేరుగా షార్ట్ చేసినట్టవుతుంది. మిల్లీఆంపుల సాకెట్ అయితే లోపలి ఫ్యూజు పోతుంది. చౌక మీటర్లలో 10 ఆంపుల సాకెట్‌కు చాలాసార్లు ఫ్యూజే ఉండదు. ఓమ్‌లు కొలిచేటప్పుడైతే బ్యాటరీ తీసేసి, ఆ భాగం ఒక కాలైనా సర్క్యూటు నుంచి పైకి లాగాలి. లేకపోతే చుట్టూ ఉన్నవన్నీ కలిసి కొలతలోకి వస్తాయి. 1 మెగా ఓమ్ రెసిస్టర్‌ను రెండు చేతుల వేళ్లతో నొక్కిపట్టి కొలిస్తే మన ఒళ్లు కూడా లెక్కలో చేరుతుంది.

తేడా గడి ఎంత నేర్పుతుందో వోల్టేజ్ డివైడర్ (వోల్టేజీని పంచుకునే రెండు రెసిస్టర్ల జత) దగ్గర తెలిసింది. రెండు 10 కిలో ఓమ్‌లు వరుసగా పెడితే మధ్యలో 4.5 వోల్టులు రావాలి, వస్తాయి. అదే రెండు 1 మెగా ఓమ్‌లు పెడితే లెక్క ప్రకారం 4.5, మీటరు చూపేది సుమారు 4.3. తప్పు తీగలది కాదు. మామూలు డిజిటల్ మీటరు తానే 10 మెగా ఓమ్‌ల రెసిస్టర్‌లా కింది దానికి పక్కన చేరుతుంది. 1, 10 పక్కపక్కన కలిస్తే 0.91 అవుతుంది, దాంతో లెక్క వేస్తే 4.29 వస్తుంది. తర్వాత 10 కిలోల డివైడర్ మధ్య నుంచి 470 ఓమ్‌లు, ఎల్‌ఈడీ తగిలించి చూడండి. 4.5 కాస్తా సుమారు 2కి జారిపోతుంది, ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంది. ఎల్‌ఈడీకి కావలసిన కరెంటంతా పైనున్న 10 కిలో గుండానే రావాలి, అది అర మిల్లీఆంపు దగ్గరే ఆపేస్తుంది. డివైడర్ వోల్టేజీని సూచించడానికి పనికొస్తుంది గానీ, బరువు మోయడానికి పనికిరాదన్నది నాకు ఈ ఒక్క కొలతతో స్థిరపడింది.

కెపాసిటర్‌ను నెమ్మదిగా చూడాలి. బ్యాటరీకి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దాని వెనక 1000 మైక్రో ఫారడ్‌ల కెపాసిటర్ వరుసగా తగిలించాలి. ఆ రెండు విలువలూ గుణిస్తే 10 సెకన్లు. అంటే ఖాళీ కెపాసిటర్ పదో సెకనుకు 9లో 63 శాతం, 5.7 వోల్టులకు చేరాలి. నిండిందనుకోవడానికి అందుకు అయిదు రెట్లు, 50 సెకన్లు. మీటరు, గడియారం పక్కపక్కన పెట్టుకుని అయిదు సెకన్లకోసారి అంకె రాసుకుంటే ఆ వంపు మీ చేత్తోనే గీసినట్టు వస్తుంది. ఇలాంటి ఎలక్ట్రోలిటిక్ (ప్లస్, మైనస్ కాళ్లుండే) కెపాసిటర్లలో 20 శాతం తేడా మామూలే, కాబట్టి 8 సెకన్లో 12 సెకన్లో పట్టినా కంగారు పడక్కర్లేదు. దాని ఒంటి మీద చార ఉన్న కాలు మైనస్. తిరగేసి పెడితే వేడెక్కుతుంది, పగిలిపోవచ్చు కూడా. 16 లేదా 25 వోల్టుల రేటింగ్ ఉన్నది తీసుకోండి.

ఈ వంపు చూశాక 555 దగ్గరికి వెళ్తే అదేమీ మాయ అనిపించదు. హాన్స్ కామెన్‌జిండ్ సిగ్నెటిక్స్ కోసం 1971లో రూపొందించిన ఈ చిప్ చేసేది, కెపాసిటర్ వోల్టేజీని కనిపెట్టుకుని ఉండటం. సప్లయ్‌లో మూడింట రెండొంతులకు చేరగానే ఖాళీ చేయడం మొదలుపెడుతుంది, మూడో వంతుకు దిగగానే వదిలేస్తుంది. 9 వోల్టులకు ఆ గీతలు 6, 3.

కలిపే తీరు (చిప్ మీది గాటు పైకి పెడితే ఎడమ వైపు పై నుంచి కిందికి 1 నుంచి 4, కుడి వైపు కింది నుంచి పైకి 5 నుంచి 8 కాళ్లు): 1వ కాలు మైనస్‌కు, 8, 4 ప్లస్‌కు. 8 నుంచి 7కు 1 కిలో ఓమ్, 7 నుంచి 6కు 10 కిలో. 6, 2 ఒకదానికొకటి కలిపి, అక్కడి నుంచి మైనస్‌కు 1000 మైక్రో ఫారడ్ కెపాసిటర్. 5 నుంచి మైనస్‌కు 10 నానో. 3 నుంచి 470 ఓమ్‌లు, ఎల్‌ఈడీ, మైనస్. 8కి, 1కి మధ్య 100 నానో చిప్‌కు ఆనుకుని ఉండాలి. అవుట్‌పుట్ మారే క్షణంలో 555 ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, అది బ్యాటరీ తీగల మీదుగా వచ్చేలోపు ఇది అందిస్తుంది.

ఇంత పెద్ద కెపాసిటర్ ఎందుకంటే, మీటరుతోనే అంతా కళ్లారా చూడటానికి. 2వ కాలు మీద ప్రోబ్ పెడితే వోల్టేజీ 3 నుంచి 6కు ఎక్కడం, మళ్లీ దిగడం కనిపిస్తుంది. లెక్క ప్రకారం వెలుగు 7.6 సెకన్లు, చీకటి 6.9. అయితే మొట్టమొదటి వెలుగు మాత్రం దాదాపు 12 సెకన్లు ఉంటుంది. కెపాసిటర్ ఆ ఒక్కసారే సున్నా నుంచి ఎక్కాలి కదా. ఇంకో తేడా కూడా వస్తుంది. 3వ కాలు వెలిగినప్పుడు 9 చూపదు, సుమారు ఒకటిన్నర వోల్టులు తక్కువ చూపుతుంది. పాత తరహా 555 లోపలి ట్రాన్సిస్టర్లు ఆ మేరకు తినేస్తాయి. అర్థమయ్యాక 7, 6 మధ్య 68 కిలో, కెపాసిటర్‌గా 10 మైక్రో, 8, 7 మధ్య 10 కిలో పెడితే సెకనుకోసారి మెరుస్తుంది.

మెరవకపోతే ఈ వరుసలో చూస్తాను. 8కి 1కి మధ్య బ్యాటరీ వోల్టేజీ ఉందా. చిప్ మీది గాటు సరైన వైపుందా. 4వ కాలు ప్లస్‌కే ఉందా. 2, 6 నిజంగా కలిశాయా. ఎల్‌ఈడీ ఆరకుండా వెలుగుతూనే ఉంటే తప్పు చాలాసార్లు ఈ చివరి చోటే.

బీసీ547 ట్రాన్సిస్టర్‌తో జాగ్రత్త కాళ్ల దగ్గరే. చదును ముఖం మన వైపు, కాళ్లు కిందికి పెడితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904 అనే ఇంకో ట్రాన్సిస్టర్‌కి సరిగ్గా తలకిందులు, మొదటిది ఎమిటర్. స్విచ్‌గా వాడేటప్పుడు బేస్‌కు 10 కిలో చాలు. బేస్ దగ్గర 0.7, కలెక్టర్ దగ్గర 0.2 లోపు కనిపిస్తే పూర్తిగా తెరుచుకున్నట్టు. బేస్ 0.7 ఉండి కలెక్టర్ 3, 4 వోల్టుల దగ్గర ఆగితే బేస్ కరెంటు చాలలేదు, లేదా కలెక్టర్, ఎమిటర్ తారుమారయ్యాయి. దీని మీద 100 మిల్లీఆంపులు దాటనీయకూడదు.

సోల్డరింగ్ (టంకం పెట్టడం) చివరికే వదిలాను. తగరం, సీసం కలిసిన 60/40 తీగ 0.8 మిల్లీమీటర్లది, సోల్డరింగ్ ఐరన్ 340 డిగ్రీల దగ్గర. దాని మొన ప్యాడ్‌కూ (బోర్డు మీది రాగి మచ్చకూ) కాలుకూ రెండింటికీ తగలాలి, తీగను మొనకు కాక ఆ రెండింటికి అందించాలి. రెండు మూడు సెకన్లలో పారుతుంది. బంతిలా నిలబడితే ప్యాడ్ వేడెక్కలేదని అర్థం. పొగ ఫ్లక్స్‌ది (టంకం బాగా అంటుకోవడానికి తీగలో ఉండే పదార్థం), పీల్చకూడదు. సీసం అంటుకుంటుంది కాబట్టి చేతులు కడుక్కోవాలి. బోర్డు పూర్తయ్యాక బ్యాటరీ పెట్టేముందు ప్లస్, మైనస్ మధ్య ఓమ్‌లు కొలవాలి. కెపాసిటర్ నిండే కొద్దీ అంకె పెరిగి వందలు, వేల ఓమ్‌ల దగ్గర నిలిస్తే సరే. సున్నా దగ్గరే కదలకుండా ఉంటే ఎక్కడో రెండు ప్యాడ్‌ల మధ్య టంకం వంతెన కట్టింది, దాన్ని తీసేదాకా బ్యాటరీ జోలికి వెళ్లను.