బియ్యం డ్రమ్ము కుదిపితే గాజు గుర్తొచ్చింది

మొన్న ఆదివారం హన్మకొండల మా ఇంట్ల కొత్త బస్తా విప్పి డ్రమ్ముల పోస్తుంటే అంచు దాకా నిండి ఇంకో మూడు మానెలు మిగిలినయ్, అమ్మ డ్రమ్మును రెండు చేతులతో పట్టుకొని నాలుగుసార్లు కుదిపింది, బియ్యం దిగి జాగ అయ్యింది. మా బాపమ్మ అయితే బదులిచ్చిన బియ్యం తిరిగొచ్చినప్పుడు మానె కుదిపి చూసేది, కుదిపి ఇచ్చి కుదపకుండ తీసుకుంటే మనకే నష్టం గదా.

డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తా కాబట్టి నాకు ఇది చూస్తే మనసు ఊరుకోదు. గోలీలు ఊరికే పోస్తే డబ్బాల దాదాపు 60 శాతం జాగ నిండుతది, బాగా కుదిపితే 64 దగ్గర ఆగుతది, అదే బండి మీద బత్తాయిలు పేర్చినట్టు వరస కడితే 74 దాకా పోతది. బియ్యం గింజ పొడుగు కాబట్టి దాని అంకెలు వేరే. మరి 74 సాధ్యమే అయినప్పుడు 64 దగ్గర ఎందుకు ఆగుడు? మేడారంల గద్దెల దగ్గర తోపులాటల ఇరుక్కున్నోళ్ళకి తెలుసు, మనం కదలాలంటే పక్కోడు కదలాలె, వాడు కదలాలంటే వాని పక్కోడు కదలాలె.

గాజు కూడా ఇట్ల ఇరుక్కున్నదే. చక్కెర పాకం మెల్లగా ఆరితే పటికబెల్లం, అంటే అణువులు వరసల కూర్చున్నయ్, అదే పాకం ముదరబెట్టి గబగబా చల్లారిస్తే పెళపెళలాడే పల్లిపట్టి, అక్కడ వరస లేదు, ద్రవంల ఎట్లున్నయో అట్లనే ఆగిపోయినయ్. వానాకాలం పల్లిపట్టి మెత్తబడి అంటుకునేది ఎందుకంటే తేమ లోపలికి పోయి ఆ అణువులకి మళ్ళీ కదలిక ఇస్తది. పాత చర్చి కిటికీల గాజు వందల ఏండ్లల కిందికి కారి అడుగున మందమైందని మాకు చదువుకునేటప్పుడు చెప్పిన్రు, అది తప్పు, అప్పట్ల గాజు పలకలే ఎగుడుదిగుడుగ తయారయ్యేటివి.

తేడా ఒక్కటే. అణువుల్ని వేడి కదిలిస్తది, గింజని కదిలియ్యదు, ఒక బియ్యం గింజని దాని ఎత్తంత లేపాలంటే గది వేడికి ఒక అణువుకుండే శక్తికి దాదాపు కోటి కోటి రెట్లు కావాలె. అందుకే మనం కుదపాలె, ఆ కుదుపే దానికి వేడి లెక్క, అచ్చం అదే అని కాదు గానీ పోలిక చాలా దూరం నడుస్తది. 1995ల చికాగోల ఒక గొట్టంల గాజు పూసలు పోసి వేల సార్లు తట్టి చూసిన్రు, మొదట్ల గబగబా దిగినయ్, తర్వాత నత్తనడక, మొదటి వంద తట్లకి దిగినంత మళ్ళీ దిగాలంటే ఇంకో వంద సరిపోదు, వేలల్ల కొట్టాలె. గాజు కూడా పాతబడుతుంటే ఇట్లనే మెల్లమెల్లగ సర్దుకుంటది. 1998ల లియు, నాగెల్ అనే ఇద్దరు ఫిజిక్స్ శాస్త్రవేత్తలు ఇరుక్కున్న గింజల్నీ గాజునీ ఒకే పటం మీద పెట్టొచ్చని రాసిన్రు. 2021ల ఇటలీ శాస్త్రవేత్త జార్జియో పారిసికి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది కూడా ఇసొంటి వరస లేని వాటి లెక్కలకే. ఇన్నేండ్లయినా గాజు అసలెందుకు గట్టిపడుతదో అందరూ ఒప్పుకున్న జవాబు లేదు, నాకు ఫిజిక్స్ మీద ప్రేమ తగ్గనిది ఇసొంటి వాటి వల్లనే.

అమ్మ వంటింట్లకి పోయినంక నేను డ్రమ్ముకి స్కెచ్ పెన్నుతోని గీత పెట్టి లెక్కబెట్టుకుంట తట్టిన, మొదటి నలభైకి రెండు వేళ్ళు దిగింది, ఇంకో నలభైకి అర వేలు కూడా దిగలే. మిగిలిన బియ్యంల ఒక మానె పట్టింది, రెండు బయటనే ఉన్నయ్.