ఈసారి మల్లె పూసింది

నిన్న సాయంత్రం కోసిన మొగ్గలతో మూడు మూరల దండ అయ్యింది. పోయినేడు వేసవి మొత్తం కలిపినా అన్ని మొగ్గలు రాలేదు మా పెరట్లో. అందుకే ఈ సంతోషం ఎవరికైనా చెప్పాలనిపించింది.

మాది విజయవాడ. ఇంటి వెనక ఉన్న కాస్త జాగాలో మూడు గుండుమల్లె మొక్కలున్నాయి. పోయినేడు వాటికి రోజూ నీళ్లు పోశాను, ఎరువు వేశాను. ఆకేమో నిగనిగలాడింది, మొగ్గే లేదు. మా అత్తయ్యది మైలవరం దగ్గర, మల్లెతోటల మధ్య పెరిగిన మనిషి. చూడగానే, "అమ్మాయ్, మల్లెని ఒకసారి ఎండగట్టాలి. ఇలా రోజూ తడుపుతుంటే ఆకే వేస్తుంది" అన్నారు.

సంక్రాంతి వెళ్లగానే నీళ్లు ఆపేశాం. నెలాఖరుకి ఆకు వడిలాక కొమ్మలన్నీ మోకాలెత్తుకి కత్తిరించి, మిగిలిన ఆకుని చేత్తో దూసేసి, పాదులు తవ్వి, గంపెడేసి పశువుల ఎరువు వేసి అప్పుడు నీళ్లు పెట్టాం. ఆ వట్టి పుల్లల్ని చూస్తుంటే నాకు ఒకటే టెన్షన్, చేతులారా చంపేశానేమో అని. పది రోజులకి కణుపుల దగ్గర చిగురు కనబడింది. మల్లె కొత్త చిగురు చివరే మొగ్గ తొడుగుతుందట, కత్తిరించేది అందుకే. మార్చి మూడో వారానికి మొగ్గలొచ్చాయి.

మధ్యాహ్నం మూడింటికి మొగ్గ ఇంకా పచ్చచాయలో, మొన గట్టిగా ముడుచుకుని ఉంటుంది. ఐదయ్యేసరికి తెల్లబడి, నునుపుదేలి, వేళ్ల మధ్య చల్లగా తగులుతుంది, అప్పుడు కోయాలి. అరటినార తడిపి దండ కడుతుండగానే ఒకటీ అరా విచ్చుకోవడం మొదలుపెడతాయి. నాలుగు పూలు మంచినీళ్ల కుండలో వేస్తే రాత్రి తాగే నీళ్లు కూడా మల్లెల వాసనే.

ఏప్రిల్‌లో కొన్ని మొగ్గలు ఊదారంగుకి తిరిగాయి. విప్పి చూస్తే లోపల సన్నటి పురుగు. అలాంటివన్నీ ఏరి పారేసి, లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రాలు కొట్టాను. చాలావరకు తగ్గింది.

గోడ మీద రాధామనోహరం కూడా గుత్తులు గుత్తులుగా ఉంది. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగు, ఆ తర్వాత ఎరుపు, ఒకే గుత్తిలో మూడు రంగులూ. తెల్లగా ఉన్న రాత్రి వాసనకి పెద్ద పెద్ద రెక్కల పురుగులు వచ్చి, పొడుగాటి కాడలోకి తొండం దించి తేనె తాగుతాయి. మే పుష్పం దుంప నుంచి మొలక మొన్ననే మట్టి చీల్చుకుని వచ్చింది. ఏడాదికి ఒక్కసారే పూస్తుంది కాబట్టి రోజూ పొద్దున్నే వెళ్లి చూస్తున్నా.

వచ్చే ఆదివారం మా అక్క కూతురు సెలవులకి వస్తోంది. ఏడేళ్ల పిల్ల, ఫోన్‌లోనే పూలజడ కావాలని అడిగేసింది. నా చిన్నప్పుడు అమ్మ మల్లెమొగ్గలతో జడ కుట్టి స్టూడియోకి తీసుకెళితే, జడ కనబడేలా వెనక అద్దం పెట్టి తీసిన ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఒక్కరోజు కోత జడకి చాలదు. శుక్రవారం నుంచే మొగ్గలు కోసి, తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో దాచాలి. సూది, దారం అత్తయ్య అప్పుడే తీసి పెట్టారు.