పర్లాకిమిడిలో కూర్చుని పోర్ట్‌రష్ గురించి

గోల్ఫంటే నాకు 2019 దాకా తెలిసింది తక్కువే. టీవీలో చానెళ్ళు మారుస్తుంటే మధ్యలో ఎక్కడో పచ్చటి గడ్డి తగిలేది, ఎవరో గుసగుసగా కామెంటరీ చెప్పేవాళ్ళు, నేను వెంటనే రిమోట్ నొక్కేసేవాణ్ణి. మా పర్లాకిమిడిలో గోల్ఫ్ కర్ర పట్టుకున్న మనిషిని ఇంతవరకూ చూడలేదు, కర్రాబిళ్ళ ఆడినవాళ్ళనే చూశాను. అలాంటిది ఆ ఏడు జూలైలో ఒక శుక్రవారం అర్ధరాత్రి దాటేదాకా మేలుకుని, ఎవరో ఐర్లండ్ ఆటగాడు ఒక్కటంటే ఒక్క స్ట్రోక్, అంటే ఒక్క దెబ్బ, తేడాతో టోర్నీ నుంచి బయటికి పోతే, ఇంట్లోవాళ్ళు లేస్తారని నోరు నొక్కుకుని మరీ బాధపడ్డాను.

దీనికంతటికీ కారణం మా పెద్దమ్మ కూతురు. నర్సు, ఉత్తర ఐర్లండ్‌లో కోల్‌రెయిన్ అనే ఊళ్ళో ఉద్యోగం. అక్కడికి సముద్రం ఒడ్డున పోర్ట్‌రష్ దగ్గరే, ఒక చిన్న రైలు నడుస్తుంది. మన నౌపడా-గుణుపూర్ రైల్లాంటిదేరా, జనం తక్కువ అంతే, అంటుంది అక్క. ఆ జూలైలో ఫోన్ చేసి, "ఒరే, ఇక్కడ గోల్ఫంట, ఓపెనంట, ఊరంతా జాతర్లా ఉంది. వార్డులో అందరూ అదే మాట్లాడుతున్నారు, నేను ఏటీ తెలీక తలూపుతున్నాను. కాస్త చూసి చెప్పు" అంది. ఓపెన్ అంటే బ్రిటన్‌లో ఏటా ఒక్కో మైదానంలో జరిగే పెద్ద గోల్ఫ్ టోర్నీ. చూడ్డం మొదలుపెట్టాను. అక్క రెండు వారాల్లో మర్చిపోయింది, నాకు మాత్రం ఇంకా వదల్లేదు.

రాయల్ పోర్ట్‌రష్ గోల్ఫ్ క్లబ్ 1888లో పుట్టింది. అప్పటి పేరు కౌంటీ క్లబ్, తొమ్మిది హోల్స్ మాత్రమే, అంటే బంతిని గుంటలో వేయాల్సిన తొమ్మిది చోట్లు. మరుసటేడాదికి పద్దెనిమిది అయ్యాయి. 1892లో రాయల్ కౌంటీ క్లబ్, 1895లో ఇప్పుడున్న పేరు. రాజకుటుంబం ఆదరణ దొరగ్గానే పేరు ముందు రాయల్ తగిలించుకోవడం మనకేం కొత్త కాదు, రాజావారి ఊరివాళ్ళం. ఇంతకీ అంత మారుమూల క్లబ్ ఎలా నిలబడిందంటే, సగం పుణ్యం రైలుది. 1855లోనే పోర్ట్‌రష్‌కి రైలొచ్చేసింది, వేసవిలో జనం సముద్రానికొచ్చేవారు, వచ్చినవాళ్ళకి పొద్దుపోవాలి కదా. మాకూ రాజావారు వేయించిన లైట్ రైల్వే 1900లో వచ్చింది. దాంతో బస్తాలొచ్చాయి, చుట్టాలొచ్చారు, గోల్ఫ్ మాత్రం రాలేదు. అలాగని మన దేశం ఈ ఆటలో వెనకబడిందనుకోకండి. కలకత్తాలో గోల్ఫ్ క్లబ్ పెట్టింది 1829లో, ఐర్లండ్‌లో అన్నిటికంటే పాతదైన రాయల్ బెల్‌ఫాస్ట్ 1881 నాటిది. యాభై ఏళ్ళు మనమే ముందు! ఇది చెప్తే అక్క వార్డులో ఎవరూ నమ్మలేదట.

అక్కడి మైదానాన్ని లింక్స్ అంటారు. అంటే సముద్రానికీ పొలాలకీ మధ్య ఉండే ఇసుక దిబ్బల నేల. గోపాలపురం నుంచి ఛత్రపురం వైపు ఒడ్డమ్మట వెళ్తే మొగలి పొదల మధ్య దిబ్బలు కనిపిస్తాయి చూడండి, ఆ మొగలి తీసేసి పొట్టి గడ్డి ఊహించుకుంటే సుమారుగా అదే. ఇసుక కాబట్టి ఎంత వానొచ్చినా నీళ్ళు నిలవ్వు, నేల గట్టిగా ఉంటుంది, బంతి పడ్డాక ఎటు దొర్లుతుందో దానిష్టం. దానికి తోడు గాలి. ఈ క్లబ్ పెద్ద మైదానం పేరు డన్లూస్ లింక్స్, దాని ఇప్పటి రూపం హ్యారీ కోల్ట్ అనే ఆయన గీసింది, 1930ల మొదట్లో తయారైంది. ఇసుక గుంటలు, అదే బంకర్లు, మొత్తం మీద అరవై దాకా. ఇలాంటి పెద్ద మైదానాల్లో ఇది చాలా తక్కువ. గాలీ దిబ్బలూ ఉండగా మళ్ళీ గుంటలు దేనికి అనుకున్నాడేమో.

పదహారో హోల్ పేరు కలామిటీ కార్నర్. తెలుగులో చెప్పాలంటే కొంప మునిగే మూల. 236 గజాలు, మూడు దెబ్బల్లో ముగించాలి, కుడిపక్కన నిలువునా లోయ. బంతి కాస్త కుడికి తిరిగిందా, కిందికి దిగి వెతుక్కోవాల్సిందే. 1951లో ఇక్కడ జరిగిన ఓపెన్‌లో బాబీ లాక్ అనే దక్షిణాఫ్రికా ఛాంపియన్ ఏం చేశాడంటే, నాలుగు రౌండ్లలోనూ జెండా వైపు చూడనే లేదు, కావాలనే గ్రీన్‌కి, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డికి, ఎడమనున్న పల్లంలోకి కొట్టి, అక్కణ్ణుంచి మెల్లగా పైకి తోసి, నాలుగుసార్లూ మూడుతో బయటపడ్డాడు. ఆ పల్లానికి ఇప్పటికీ ఆయన పేరే. కొత్త కుర్రాళ్ళు లోయ మీదుగా తిన్నగా కొడితే గొప్పగానే ఉంటుంది గానీ నా ఓటు ఈయనకే.

ఇక గెలుపుల సంగతి. పోర్ట్‌రష్ అనగానే అందరూ ఇప్పటి ఆటగాళ్ళు రోరీ మెక్‌ఇల్‌రాయ్ అంటారు, షేన్ లౌరీ అంటారు. కానీ ఈ క్లబ్‌కి మొదట పేరు తెచ్చింది ఆడపిల్లలు. మే హెజ్లెట్ 1899లో, పదిహేడేళ్ళకి, ఐరిష్ లేడీస్ ఛాంపియన్‌షిప్పూ బ్రిటిష్ లేడీస్ ఛాంపియన్‌షిప్పూ వెంటవెంటనే గెలిచింది. పాదాల దాకా లంగా, మెడదాకా కాలరు, పైన టోపీ, ఆ గాలిలో! తర్వాత 1902లో, 1907లో మళ్ళీ బ్రిటిష్ టైటిల్. 1907 ఫైనల్లో ఎదురుగా నిలబడింది సొంత చెల్లెలు ఫ్లోరెన్స్. ఆ రాత్రి వాళ్ళింట్లో భోజనాలు ఎలా జరిగాయో అని నాకెప్పుడూ అనుమానం. ఇంకో చెల్లెలు వయొలెట్ కూడా 1911లో ఫైనల్ దాకా వచ్చింది, అదీ పోర్ట్‌రష్‌లోనే. వీళ్ళతో పాటు రోనా అడేర్ అని మరో ఐర్లండ్ అమ్మాయి, 1900లో ఒకసారి, 1903లో పోర్ట్‌రష్‌లోనే ఇంకోసారి గెలిచింది. 1899 నుంచి 1903 దాకా ఐదు బ్రిటిష్ టైటిళ్ళలో నాలుగు ఈ ఇద్దరివే. మగవాళ్ళు ఈ లెక్కకి దగ్గరగా కూడా లేరు. అయినా టీవీ వాళ్ళు క్లబ్ చరిత్ర చెప్పేటప్పుడు వీళ్ళకి అర నిమిషం ఇచ్చి ప్రకటనల్లోకి వెళ్ళిపోతారు. నాకు ఒళ్ళు మండుతుంది.

మగవాళ్ళలో మొదటి పేరు ఫ్రెడ్ డాలీ. 1911లో పోర్ట్‌రష్‌లోనే పుట్టాడు, చిన్నప్పుడు అక్కడే క్యాడీగా దొరల సంచులు మోశాడు. 1947లో హోయ్‌లేక్‌లో ఓపెన్ గెలిచాడు, ఒక్క స్ట్రోక్ తేడాతో. ఐర్లండ్‌కి అదే మొట్టమొదటి ఓపెన్. ఈ క్లారెట్ జగ్గు, అదే ఓపెన్ కప్పు, ఎప్పుడూ మా సముద్రం దాటలేదు, కాస్త గాలి మార్పు దానికీ మంచిదే అన్నాడని చెప్తారు. ఆ తర్వాత ఇంకో ఐర్లండ్‌వాడు దాన్ని ముట్టుకోవడానికి 2007 దాకా, అరవై ఏళ్ళు పట్టింది.

1951లో ఓపెన్ పోర్ట్‌రష్‌కే వచ్చింది. ఇంగ్లండ్, స్కాట్లండ్ దాటి బయట జరగడం అదే మొదటిసారి. గెలిచింది మాక్స్ ఫాక్‌నర్, రంగురంగుల బట్టలేసుకునే ఇంగ్లండ్ ఆసామి. ఆయన తర్వాత మళ్ళీ ఓ బ్రిటిష్ ఆటగాడు ఓపెన్ గెలవడానికి 1969 కావాల్సొచ్చింది. ఇంకో తమాషా చూడండి, 1995లోనూ 1996లోనూ సీనియర్ ఓపెన్, అంటే యాభై దాటినవాళ్ళ ఓపెన్, అదే పోర్ట్‌రష్‌లో జరిగితే రెండుసార్లూ గెలిచిన బ్రయన్ బార్న్స్, ఈ ఫాక్‌నర్‌గారి అల్లుడు. మామగారి పొలంలో అల్లుడు రెండు పంటలు తీశాడన్నమాట.

అసలు ఓపెన్ మాత్రం 68 ఏళ్ళు తిరిగి రాలేదు. అందులో ముప్ఫై ఏళ్ళు ఆ ప్రాంతమంతా బాంబులూ తుపాకులే, 1998 శాంతి ఒప్పందం దాకా. అంత పెద్ద టోర్నీ అలాంటి చోటికి ఎవరు తెస్తారు? తర్వాత కూడా రోడ్లు చాలవు, జాగా చాలదు అన్న మాటలు నడిచాయి. ఇంతలో ఆటగాళ్ళు వరసగా తగిలారు. పోర్ట్‌రష్‌లో పుట్టిన గ్రేమ్ మెక్‌డవల్ 2010లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. అతను ఆట నేర్చుకున్నది రాయల్ క్లబ్‌లో కాదు, పక్కనే ఉన్న రాత్‌మోర్ అనే చిన్న క్లబ్‌లో, చిన్న మైదానం వ్యాలీ మీద. 2011లో డారెన్ క్లార్క్ ఓపెన్ గెలిచాడు, పుట్టింది వేరే ఊళ్ళో గానీ కాపురం పోర్ట్‌రష్‌లో. 2012లో అక్కడ ఐరిష్ ఓపెన్ పెడితే నాలుగు రోజులూ టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. వానలో తడుస్తూ లక్షమందికి పైగా వచ్చారు. ఇక కాదనడానికి ఎవరికీ నోరు లేకపోయింది.

2019కి మైదానాన్నే మార్చారు. పాత పదిహేడో, పద్దెనిమిదో హోల్స్ నేలని జనం కోసం, గుడారాల కోసం వదిలేసి, వ్యాలీ పక్కనుంచి కొంత దిబ్బ తీసుకుని కొత్తగా ఏడో, ఎనిమిదో హోల్స్ కట్టారు. మెక్‌డవల్‌కి ముందు అసలు చోటే దొరకలేదు. కెనడాలో చివరి హోల్ మీద సుమారు ముప్ఫై అడుగుల పుట్, అంటే బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బ, పడితే గానీ సొంత ఊరి టోర్నీకి అర్హత రాలేదు. సొంతూరి పెళ్ళికి పిలుపు అందకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

రోరీ మెక్‌ఇల్‌రాయ్ కథ మీకు తెలిసే ఉంటుంది. 2005లో, పదహారేళ్ళకి, ఇదే మైదానం మీద నార్త్ ఆఫ్ ఐర్లండ్ టోర్నీలో పద్దెనిమిది హోల్సూ 61 దెబ్బల్లో ముగించి (ఎంత తక్కువైతే అంత గొప్ప) రికార్డు పెట్టినవాడు. 1898 నుంచి జరుగుతున్న టోర్నీ అది. అలాంటివాడు 2019లో మొదటి రోజు, మొదటి హోల్, మొదటి దెబ్బ ఎడమకి లాగేశాడు. బంతి హద్దు దాటి పోయి ఎవరిదో ఫోన్ అద్దం పగలగొట్టింది. నాలుగు కొట్టాల్సిన చోట ఎనిమిది. రోజు ముగిసేసరికి 79. నేను నిద్రపోయాను. మర్నాడు చూస్తే 65 ఆడుతున్నాడు! ఆఖరి హోల్ దగ్గరికి వచ్చేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటింది, అక్కడ సాయంత్రం వెలుగు ఇంకా పోలేదు. ఒక్క స్ట్రోక్. ఆ ఒక్కటీ దొరకలేదు, కట్ దాటలేదు, అంటే చివరి రెండు రోజుల ఆటకి మిగల్లేదు. మైకు ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

గెలిచింది షేన్ లౌరీ. దక్షిణ ఐర్లండ్‌లో క్లారా అనే ఊరివాడు. శనివారం 63, మొత్తం మీద 15 అండర్ (పెట్టిన లెక్క కంటే 15 దెబ్బలు తక్కువ), రెండో స్థానంలో ఉన్న టామీ ఫ్లీట్‌వుడ్ కంటే ఆరు స్ట్రోకులు ముందు. ఆదివారం అక్కడ వాన, ఇక్కడా వాన. పద్నాలుగో హోల్ దగ్గర కరెంటు పోయింది. ఫోన్‌లో చార్జింగ్ పదకొండు శాతం, వెలుతురు తగ్గించి, చెవిలో ఒక్క ఇయర్‌ఫోన్ పెట్టుకుని చూశాను. పక్క మంచం మీంచి అమ్మ, "ఏటిరా అది, కర్రతో బంతి పొలంలో పారేసుకుని మళ్ళీ ఎతుక్కోడమా? దానికింత కరువేటి?" అంది. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

నాకు ఆ రోజు గుర్తుండిపోయింది జనం. దక్షిణంవాడు ఉత్తరంలో గెలిస్తే ఉత్తరంవాళ్ళు గొంతు చించుకుని అరుస్తున్నారు. 1921లో ఆ దీవిని రెండు ముక్కలు చేశారు గానీ గోల్ఫ్ సంఘాన్ని ముక్క చేయలేదు. 1891లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన ఆ సంఘం సరిహద్దు వచ్చాక కూడా మొత్తం దీవికి ఒక్కటే. 2021లో ఆడవాళ్ళ సంఘంతో కలిసి పేరు మారింది, అయినా ఒక్కటే. మాకు 1936లో గీత పడింది. పర్లాకిమిడి ఒడిశాకొచ్చింది, జమీందారీలో మిగతా ముక్క అటుండిపోయింది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, మా చిన్నాన్న వాళ్ళు అక్కడే, రోజూ పాలు ఇటు పోయడానికొస్తారు. కానీ క్రికెట్ ఆడితే వాళ్ళ కుర్రాళ్ళు ఆంధ్రా జట్టు, మావాళ్ళు ఒడిశా జట్టు. చిన్నప్పుడు కలిసి ఆడిన ఇద్దరు ఎప్పటికైనా పైకెళ్తే ఎదురుబొదురు ఆడాల్సిందే. ఐర్లండ్‌వాళ్ళని చూస్తే నాకు కొంచెం అసూయే.

2025లో ఓపెన్ మళ్ళీ పోర్ట్‌రష్‌కొచ్చింది. ఈసారి అక్క టికెట్ కొనుక్కుని వెళ్ళింది, నాకంటే పెద్ద తెలిసినదానిలా. శనివారం పదకొండో హోల్ దగ్గర రోరీ ఎత్తుగడ్డిలోంచి కొడితే తన బంతితో పాటు ఎప్పుడో ఎవరో పోగొట్టుకున్న ఇంకో బంతి మట్టిలోంచి ఎగిరొచ్చింది. మా చెల్లి కొడుకు, "మావయ్యా, రెండూ కొట్టాలా?" అని అడిగాడు. తర్వాతి హోల్‌లోనే ఈగిల్, అంటే పెట్టిన లెక్క కంటే రెండు దెబ్బలు తక్కువ. చుట్టుపక్కల ఊళ్ళకి వినపడేలా అరిచారు జనం. గెలిచింది మాత్రం స్కాటీ షెఫ్లర్, 17 అండర్, నాలుగు స్ట్రోకుల తేడా, ఎవరికీ అవకాశమే ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే ఆదివారం ఆట కాస్త బోర్ కొట్టింది.

అక్క ఆ రోజు పద్దెనిమిదో హోల్ దగ్గర నిలబడి వాయిస్ మెసేజ్ పంపింది. రెండు నిమిషాల పైనే ఉంటుంది. మొత్తం గాలి చప్పుడు, రేకుల షెడ్డు కదిలినట్టు. మధ్యలో ఒక్కసారి "ఒరే, అదుగో రోరీ, అదుగో" అని వినిపిస్తుంది, ఆ తర్వాత చప్పట్లు, మళ్ళీ గాలి. ఫోన్ మార్చినప్పుడు అన్నీ పోయాయి గానీ దాన్ని మాత్రం జాగ్రత్తగా ఎక్కించుకున్నాను.